సరుక్కి కూడా పాస్‌పోర్ట్ ఉంటుందని తెలుసా? ఒక్క స్టాంపు మిస్సయితే లక్షల్లో భారం.. ఏటీఏ కార్నెట్ కథేంటి?

ఏటీఏ.. ఈ మూడక్షరాలు చూడగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది అమెరికాలోని మన 'ఆటా', అంటే అమెరికన్ తెలుగు అసోసియేషన్. కానీ ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఇవే అక్షరాలకు అర్థం వేరు. అక్కడ ఏటీఏ అంటే సరుకుకు ఇచ్చే పాస్‌పోర్ట్. పూర్తి పేరు ఏటీఏ కార్నెట్. మన దేశం నుంచి సరుకు తీసుకెళ్లి, విదేశంలో చూపించి లేదా వాడుకుని, మళ్లీ వెనక్కి తెచ్చుకుంటే అక్కడా ఇక్కడా కస్టమ్స్ సుంకం కట్టక్కర్లేకుండా చేసే పత్రం ఇది.

వినడానికి సింపుల్‌గానే ఉంది. కానీ చిక్కంతా ఇక్కడే ఉంది. కార్నెట్ చేతిలో ఉంటే సుంకం రద్దయిపోయిందని చాలామంది అనుకుంటారు. రద్దు కాదు. ఆగి ఉంటుంది, అంతే. సరుకు టైమ్‌కు వెనక్కి వచ్చిందని స్టాంపులు సాక్ష్యం చెప్పినంతవరకే ఆ మినహాయింపు. సాక్ష్యం లేకపోతే నెలల తర్వాత నోటీసు ఇంటికే వస్తుంది.

విదేశీ ఎగ్జిబిషన్‌కు వెళ్లే చేనేత వ్యాపారి, ఫారిన్ షూటింగ్‌కు కెమెరాలు పట్టుకెళ్లే సినిమా యూనిట్, డెమో మెషిన్‌తో దుబాయ్ వెళ్లే స్టార్టప్ కుర్రాళ్లు.. అందరికీ ఈ లెక్క తెలియాలి.

అసలు కార్నెట్ అంటే ఏంటి?

ఫ్రెంచ్‌లో 'అడ్మిసియోఁ తాంపొరేర్', ఇంగ్లిష్‌లో 'టెంపరరీ అడ్మిషన్'. రెండింటికీ అర్థం ఒకటే, తాత్కాలిక ప్రవేశం. ఈ రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ఏటీఏ అయింది. కార్నెట్ అంటే చిన్న పుస్తకం.

దీనికి మూలం 1961 డిసెంబర్ 6న బ్రస్సెల్స్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం. అది 1963లో అమల్లోకి వచ్చింది. తర్వాత 1990లో ఇస్తాంబుల్ ఒప్పందం వచ్చి, తాత్కాలిక దిగుమతులకు సంబంధించిన రకరకాల రూల్స్‌ను ఒక్క చోటికి తెచ్చింది. ఒప్పందాలను ప్రపంచ కస్టమ్స్ సంస్థ చూసుకుంటుంది. గ్యారెంటీ వ్యవస్థను పారిస్ కేంద్రంగా పనిచేసే ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ నడిపిస్తుంది. ఇప్పుడు దాదాపు 80 దేశాలు, ప్రాంతాల్లో ఈ పత్రం చెల్లుతుంది. అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ దేశాలు, స్విట్జర్లాండ్, సింగపూర్, ఆస్ట్రేలియా, యూఏఈ, ఖతార్, శ్రీలంక ఈ లిస్టులో ఉన్నాయి. పక్కనే ఉన్న నేపాల్ మాత్రం లేదు.

మన దేశంలో కార్నెట్ ఇచ్చే అధికారం ఉన్నది ఒక్క ఫిక్కీకే. ప్రభుత్వం గుర్తించిన సంస్థ అదే. గ్యారెంటీ ఇచ్చేది కూడా అదే. విదేశాల నుంచి కార్నెట్ మీద మన దేశంలోకి వచ్చే సరుకుకు కేంద్రం 1990 మార్చి 28న 157వ నంబర్ నోటిఫికేషన్‌తో సుంకం మినహాయింపు ఇచ్చింది.

ఈ తాత్కాలిక దిగుమతి అనే ఆలోచన అర్థం కావాలంటే హైదరాబాద్‌నే గుర్తు చేసుకోవచ్చు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ చుట్టూ ఫార్ములా ఈ రేస్ జరిగింది. ఆ కార్లు ఇక్కడ అమ్మడానికి రాలేదు. వచ్చాయి, పరుగెత్తాయి, వెళ్లిపోయాయి. అమ్మకానికి రాని వస్తువు మీద అమ్మకపు సరుకులా సుంకం వేస్తే ఏ రేసూ, ఏ ఎగ్జిబిషనూ, ఏ షూటింగూ జరగదు. అందుకే ప్రపంచమంతా తాత్కాలిక దిగుమతికి వేరే దారి పెట్టుకుంది. ఆ దారుల్లో ఎక్కువ దేశాల్లో ఒకేలా పనిచేసేది కార్నెట్.

పుస్తకంలో రంగులు.. ఒక్కో రంగుకు ఒక్కో పని

కార్నెట్ కవర్ ఆకుపచ్చ రంగులో ఉంటుంది. లోపల పసుపు పేజీలు సొంత దేశం కోసం. సరుకు బయటికి వెళ్లేటప్పుడు ఒకటి, తిరిగొచ్చేటప్పుడు ఒకటి. తెల్ల పేజీలు వెళ్లిన దేశం కోసం. అక్కడికి చేరినప్పుడు ఒకటి, అక్కడి నుంచి బయటికొచ్చేటప్పుడు ఒకటి. నీలం పేజీలు మధ్యలో వేరే దేశం మీదుగా దాటాల్సి వస్తే వాడతారు.

ప్రతి పేజీకి రెండు భాగాలు. ఒక భాగాన్ని కస్టమ్స్ అధికారి చింపుకొని దాచుకుంటారు. మిగిలిన చిన్న భాగం మీద స్టాంపు, సంతకం పడి పుస్తకంలోనే ఉండిపోతుంది. రేపు వివాదం వస్తే ఓనర్‌ను కాపాడేది ఆ చిన్న ముక్కే.

వీటితో పాటు సరుకు లిస్టు ఉంటుంది. వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయి, బరువు, విలువ, ఏ దేశంలో తయారైంది, సీరియల్ నంబర్ ఉంటే అది కూడా రాయాలి. కార్నెట్ ఒకసారి జారీ అయ్యాక ఈ లిస్టులో కొత్త వస్తువు చేర్చడం కుదరదు. బయల్దేరే రోజు పొద్దున 'ఇంకో లెన్స్ కూడా పెట్టేద్దాం' అనుకుంటే ఆ లెన్స్‌కు ఈ రక్షణ లేనట్టే.

గ్యారెంటీ ఎవరిది? డబ్బు ఎవరిది?

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఒక చిన్న బొటిక్ ఓనర్ రూ.20 లక్షల విలువైన చీరలు, నగల శాంపిళ్లతో విదేశీ ఎగ్జిబిషన్‌కు వెళ్తోంది అనుకుందాం. అక్కడ సుంకం, పన్నులు కలిపి 20 శాతం అనుకుంటే రూ.4 లక్షలు. కార్నెట్ లేకపోతే ఆ మొత్తాన్ని ముందే కట్టడమో, డిపాజిట్ చేయడమో చేయాల్సి రావచ్చు. కార్నెట్ ఉంటే చేతి నుంచి అక్కడ ఏమీ కట్టకుండానే బయటికి వస్తుంది.

మరి ఆ దేశపు కస్టమ్స్ ముక్కూమొహం తెలియని మనిషిని ఎందుకు నమ్ముతుంది? ఆమెను చూసి కాదు. ఆ దేశంలోని గ్యారెంటీ సంస్థను చూసి. ఆ సంస్థ మన ఫిక్కీని నమ్ముతుంది. ఫిక్కీ ఆమె దగ్గర ముందే బ్యాంక్ గ్యారెంటీ లాంటి సెక్యూరిటీ తీసుకుంటుంది. ఇదొక గొలుసు. చివరి కొస మాత్రం ఎప్పుడూ సరుకు ఓనర్ చేతిలోనే ఉంటుంది.

సరుకు తిరిగి బయటికి వెళ్లినట్టు రికార్డు లేకపోతే ఆ దేశపు కస్టమ్స్ తన దేశంలోని గ్యారెంటీ సంస్థకు క్లెయిమ్ పంపుతుంది. కార్నెట్ గడువు ముగిసిన నాటి నుంచి ఏడాదిలోపు ఈ క్లెయిమ్ రావచ్చు. సరుకు వెళ్లిపోయిందని నిరూపించుకోవడానికి ఆరు నెలల టైమ్ ఇస్తారు. నిరూపించలేకపోతే సుంకంతో పాటు దాని మీద గరిష్ఠంగా మరో 10 శాతం వరకూ గ్యారెంటీ సంస్థ నుంచి వసూలు చేసే వీలుంది. పై ఉదాహరణలో అయితే రూ.4 లక్షలు కాస్తా రూ.4.40 లక్షలు అవుతుంది. ఆ డబ్బు గొలుసు వెంట వెనక్కి వచ్చి చివరికి పడేది ఓనర్ సెక్యూరిటీ మీదే.

అంటే ట్రిప్ అయిపోయి, ఫొటోలు కూడా పాతబడ్డాక నోటీసు రావచ్చు. అప్పటికి కార్నెట్ పుస్తకం ఎక్కడ పెట్టామో గుర్తుండాలి కదా!

వీసా ఒకటే.. కస్టమ్స్ మాత్రం రెండు!

ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. తెలుగు సినిమా పాటలకు స్విట్జర్లాండ్, ఇటలీ కొత్త కాదు. ఇటలీలో కొన్ని షాట్లు తీసి, వ్యాన్‌లో కెమెరాలు వేసుకుని స్విట్జర్లాండ్‌కు వెళ్లే యూనిట్‌ను ఊహించుకోండి. ఒక్క షెంగెన్ వీసా ఉంటే రెండు దేశాలకూ సరిపోతుంది. బోర్డర్‌లో మామూలుగా పాస్‌పోర్ట్ అడిగేవాళ్లు కూడా ఉండరు. దాంతో డ్రైవర్ ఆపకుండా పోనిచ్చేస్తాడు.

కానీ స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉందే తప్ప యూరోపియన్ యూనియన్‌లో లేదు. అక్కడి కస్టమ్స్ వేరు. మనిషికి బోర్డర్ కనపడదు, కెమెరాకు మాత్రం కనపడుతుంది. ఆ బోర్డర్‌లో వ్యాన్ ఆపి రెండు స్టాంపులు వేయించుకోవాలి. యూనియన్ నుంచి బయటికి వచ్చినట్టు ఒకటి, స్విట్జర్లాండ్‌లోకి వెళ్లినట్టు ఇంకొకటి.

లెక్క ఇలా ఉంటుంది. హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడు ఒక స్టాంపు. ఇటలీలో దిగినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి. స్విట్జర్లాండ్‌లోకి వెళ్లినప్పుడు ఒకటి, అక్కడి నుంచి ఇంటికి ఫ్లైట్ ఎక్కేటప్పుడు ఒకటి. మళ్లీ హైదరాబాద్‌లో దిగాక ఒకటి. మొత్తం ఆరు. వీటిలో ఏది మిస్సయినా ఒక దేశం రికార్డులో ఆ కెమెరాలు ఇంకా అక్కడే ఉన్నట్టు లెక్క.

దీనికి రివర్స్ కూడా నిజమే. యూరోపియన్ యూనియన్ లోపల దేశాలెన్ని మారినా కస్టమ్స్ ఒక్కటే. ఇటలీ నుంచి ఫ్రాన్స్, అక్కడి నుంచి జర్మనీ వెళ్లినా మధ్యలో కొత్త స్టాంపు అక్కర్లేదు.

కలిసి ఉన్న మార్కెట్ విడిపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశాం. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ యూరోపియన్ యూనియన్ మార్కెట్ నుంచి పూర్తిగా బయటికి వచ్చింది. అంతకుముందు రోజు దాకా లండన్ నుంచి పారిస్‌కు స్పీకర్లు, లైట్లు లారీలో వేసుకుని నేరుగా వెళ్లిపోయిన మ్యూజిక్ బ్యాండ్లకు ఒక్కసారిగా కార్నెట్ పేపర్లు అవసరమయ్యాయి. వాళ్లు తీసుకెళ్లే సామాను మారలేదు, మధ్యలో గీత ఒకటి వచ్చింది.

టారిఫ్‌ల కాలంలో కార్నెట్ విలువ ఎందుకు పెరిగింది?

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. బట్టలు, నగలు ఎగుమతి చేసేవాళ్లకు అది గట్టి దెబ్బ. ఆ తర్వాత రేట్లు మారుతూ వచ్చాయి. కానీ చిన్న వ్యాపారులకు ఒక పాఠం మిగిలింది. సుంకం రేటు రాత్రికి రాత్రి మారిపోవచ్చు.

శాంపిళ్లు చూపించి, ఆర్డర్లు తీసుకుని తిరిగొచ్చేవాళ్లకు కార్నెట్ ఈ ఊగిసలాట నుంచి కొంత రక్షణ ఇస్తుంది. సరుకు అక్కడ ఉండిపోదు కాబట్టి సుంకం కట్టే అవసరం రాదు. అయితే కత్తికి రెండో వైపూ పదునే. రేటు పెరిగితే స్టాంపు మిస్సయినప్పుడు వచ్చే క్లెయిమ్ కూడా అదే లెక్కన పెరుగుతుంది. పది శాతం సుంకం ఉన్నప్పుడు చేసిన పొరపాటు, యాభై శాతం ఉన్నప్పుడు చేసిన పొరపాటు ఒకటి కాదు.

అమ్మడానికి తీసుకెళ్తే మాత్రం కుదరదు

కార్నెట్ అమ్మకానికి కాదు. ఈ ముక్క ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. తెలుగు సంఘాల సభలకో, దసరా, దీపావళి మేళాలకో చీరల స్టాల్ పెట్టేవాళ్లలో చాలామంది వెళ్లేది అమ్మడానికే. అలాంటి సరుకును మామూలు ఎగుమతిగానే పంపాలి, అక్కడ సుంకం కట్టాలి. కార్నెట్ మీద తీసుకెళ్లిన చీర ఎవరికో నచ్చి అమ్మేస్తే ఆ దేశంలో దాని సుంకం కట్టాల్సిందే.

తినే వస్తువులు, పంచిపెట్టే కరపత్రాలు, వాడితే అయిపోయేవి కూడా కార్నెట్ కిందికి రావు. ఆవకాయ జాడీకి పాస్‌పోర్ట్ దొరకదు! సరుకు దొంగలు ఎత్తుకుపోయినా సుంకం బాధ్యత దానంతట అది పోదు. ఎందుకంటే కస్టమ్స్ దృష్టిలో ఆ వస్తువు ఇంకా ఆ దేశంలోనే ఉంది.

ఇంకో విషయం. అన్ని దేశాలూ అన్ని పనులకూ కార్నెట్ ఒప్పుకోవు. ఎగ్జిబిషన్ సరుకు, ప్రొఫెషనల్ పరికరాలు, కమర్షియల్ శాంపిళ్లు.. ఈ మూడూ ముఖ్యమైన రకాలు. వెళ్లే దేశం వీటిలో ఏవి ఒప్పుకుంటుందో అప్లికేషన్ పెట్టకముందే ఫిక్కీ దగ్గర కనుక్కోవాలి.

ఏడాది గడువు చూసి మోసపోతే జీఎస్టీ దగ్గర దొరికిపోతారు

కార్నెట్ గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. వెళ్లిన దేశపు కస్టమ్స్ అంతకంటే తక్కువ గడువు రాస్తే ఆ తేదీకే కట్టుబడాలి. ఇంతవరకూ ఏజెంట్లు చెబుతారు. చాలామంది మర్చిపోయేది మన దేశంలోని ఇంకో గడియారం సంగతి.

2019 జులై 18న వచ్చిన జీఎస్టీ సర్క్యులర్ నంబర్ 108 ప్రకారం, ఎగ్జిబిషన్ కోసం విదేశానికి తీసుకెళ్లిన సరుకును బయల్దేరిన రోజు అమ్మకంగా చూడరు. ఇన్వాయిస్ కాకుండా డెలివరీ చలాన్ మీదే పంపొచ్చు. కానీ ఆరు నెలల్లో ఆ సరుకు అమ్ముడుపోవాలి, లేదా వెనక్కి రావాలి. రెండూ జరగకపోతే ఆరు నెలలు నిండిన రోజున సరఫరా జరిగిపోయినట్టే లెక్క. ఇన్వాయిస్ వేయాల్సిందే.

అంటే జనవరిలో దుబాయ్, జూన్‌లో లండన్, అక్టోబర్‌లో సింగపూర్ అని సరుకును బయటే తిప్పుదామనుకుంటే కార్నెట్ తేదీ ప్రకారం ఇబ్బంది ఉండకపోవచ్చు. జీఎస్టీ తేదీ మాత్రం మధ్యలోనే దాటిపోతుంది. కవర్ మీద ఒక తేదీ, చలాన్ లెక్కలో ఇంకో తేదీ. ముందు వచ్చేదే అసలు గడువు.

చిన్నవాళ్లే ఎందుకు చిక్కుల్లో పడతారు?

పెద్ద కంపెనీకి క్లియరింగ్ ఏజెంట్ ఉంటాడు. లాజిస్టిక్స్ టీమ్ ఉంటుంది. పోచంపల్లి నుంచో, గద్వాల నుంచో మొదటిసారి విదేశీ ఎగ్జిబిషన్‌కు వెళ్లే మనిషికి సూట్‌కేస్, ఫోన్ తప్ప ఏమీ ఉండవు. పేపర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఫ్లైట్ టైమ్ అయిపోతుంటే కస్టమ్స్ కౌంటర్ ఎక్కడుందో వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది?

దాంతో చాలామంది ఎంచుకునే షార్ట్‌కట్ ఒకటుంది. సరుకును సొంత బట్టల్లా సూట్‌కేస్‌లో సర్దేసి గ్రీన్ ఛానల్‌లో నడిచి వెళ్లిపోవడం. పది సార్లు ఎవరూ ఆపరు. పదకొండోసారి ఆపితే ట్యాగులతో ఉన్న నలభై చీరలు సొంత వాడకానికే అంటే ఎవరు నమ్ముతారు? అప్పుడు సుంకంతో పాటు జరిమానా, సరుకు స్వాధీనం దాకా వెళ్లొచ్చు.

అయితే తప్పంతా వ్యాపారులదే అనడం కూడా న్యాయం కాదు. సెక్యూరిటీ పేరుతో లక్షల రూపాయలు నెలల తరబడి ఆగిపోతే చిన్న వ్యాపారికి అదే పెట్టుబడి గండి. అమెరికాలో సాధారణంగా సరుకు విలువలో 40 శాతానికి సెక్యూరిటీ అడుగుతారు. కానీ అంత నగదు ఆపక్కర్లేదు, కొద్దిపాటి ప్రీమియం కట్టి ష్యూరిటీ బాండ్ తీసుకునే పద్ధతి అక్కడ బాగా నడుస్తోంది. చేనేత, హస్తకళల ఎగుమతులు పెంచుతామనే ప్రభుత్వాలు స్టాల్ అద్దెలో, టికెట్ ఖర్చులో సాయం చేసి సరిపెట్టకుండా ఈ సెక్యూరిటీ భారం మీద కూడా దృష్టి పెట్టాలి. సహకార సంఘాలు తమ సభ్యుల తరఫున ఒక్క కార్నెట్ తీసుకుంటే ఖర్చు పంచుకునే వీలుంటుంది. కనీసం తెలుగులో ఒక పేజీ సూచనల కాగితం ఇచ్చినా చాలా తలనొప్పులు తగ్గుతాయి.

కార్నెట్‌ను కాగితం నుంచి డిజిటల్‌కు మార్చే పని అంతర్జాతీయంగా నడుస్తోంది. అది అన్ని దేశాల్లో వస్తే స్టాంపు మిస్సయ్యే గొడవ చాలావరకు తగ్గుతుంది. అప్పటిదాకా ఆ కాగితం ముక్కే దిక్కు.

స్టాంపు మిస్సయితే ఇక దారే లేదా?

ఉంది. సరుకు నిజంగా తిరిగొచ్చేసి ఉంటే మన కస్టమ్స్ వేసిన పసుపు పేజీ స్టాంపే బలమైన సాక్ష్యం. తర్వాత వెళ్లిన దేశంలో పడ్డ ప్రవేశ స్టాంపు కూడా పనికొస్తుంది. కొన్ని దేశాలు చిన్న ఫీజు తీసుకుని కేసు మూసేస్తాయి. అందుకే ఎక్కడ మిస్సయినా హైదరాబాద్‌లో దిగాక రెడ్ ఛానల్‌కు వెళ్లి చివరి స్టాంపు వేయించుకోవడం మాత్రం మర్చిపోకూడదు. అదొక్కటి ఉంటే వాదించడానికి ఆధారం ఉన్నట్టే.

ప్రయాణానికి ముందు ఇవి చూసుకోండి

- సరుకు లిస్టు, సూట్‌కేస్‌లోని వస్తువులు ఒక్కటొక్కటిగా సరిపోయాయో లేదో ఇంట్లోనే చెక్ చేసుకోవాలి. సీరియల్ నంబర్ల ఫొటోలు తీసి పెట్టుకోవాలి.
- సరుకును కస్టమ్స్‌కు చూపించాలి కాబట్టి లగేజీ చెక్-ఇన్ చేయకముందే కౌంటర్‌కు వెళ్లాలి. మామూలు కంటే ముందుగా ఎయిర్‌పోర్ట్ చేరుకోవాలి.
- ఓనర్ కాకుండా వేరే మనిషి సరుకు తీసుకెళ్తుంటే ఆథరైజేషన్ లెటర్ తప్పనిసరి.
- ప్రతి స్టాంపు పడగానే పేజీకి ఫోన్‌తో ఫొటో తీయాలి. తేదీ, సంతకం సరిగ్గా ఉన్నాయో అక్కడే చూసుకోవాలి.
- తిరిగొచ్చాక పుస్తకాన్ని ఫిక్కీకి అప్పగించాలి. అన్ని పేజీల కాపీలూ కనీసం రెండు, మూడేళ్లు దాచుకోవాలి.

మామూలు టూరిస్టులకు ఇది అవసరమా?

అక్కర్లేదు. సొంత ఫోన్, ఒక కెమెరా, ఒంటి మీద నగలు పట్టుకుని అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు కార్నెట్‌తో పని లేదు. కాకపోతే ఖరీదైన నగలో, పెద్ద కెమెరాలో వెంట ఉంటే వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది. తిరిగొచ్చినప్పుడు 'ఇది అక్కడ కొన్నది కాదు, ఇక్కడి నుంచి తీసుకెళ్లిందే' అని చెప్పడానికి ఆ కాగితం చాలు.

బండి మీద దేశాలు తిరిగే రైడర్లకు కూడా కార్నెట్ అనే మాట తెలుసు. అది కార్నెట్ ద పాసాజ్, వాహనాల కోసం ఉన్న వేరే పత్రం. ఇరాన్, ఈజిప్ట్ లాంటి దేశాలు దాన్ని అడుగుతాయి. ఆటోమొబైల్ సంఘాలు ఇస్తాయి. పేరు కలుస్తుందని ఒకదాని బదులు ఇంకోటి తీసుకుంటే బోర్డర్‌లో బండి ఆగిపోతుంది.

మొత్తంగా చూస్తే కార్నెట్ అనేది సరుకు ఓనర్ తరఫున ఒక గొలుసంతా కలిసి ఇచ్చిన మాట. 'తీసుకెళ్తున్నాం, తిరిగి తెస్తాం' అన్న మాట. ఆ మాట నిలబెట్టుకున్నామని నిరూపించే బాధ్యత మాత్రం పుస్తకం పట్టుకున్న మనిషిదే. ఎగ్జిబిషన్‌లో ఆర్డర్లు దండిగా వచ్చిన ఆనందంలో, తిరుగు ఫ్లైట్ ఎక్కే తొందరలో ఆ పది నిమిషాల క్యూ వదిలేస్తే.. సంపాదించిందంతా అక్కడే వదిలేసి వచ్చినట్టు అవుతుంది.